పెద్దాయన కునుకు, కొత్తాయన కాపలా

మాచర్ల స్టేషన్ రోడ్డులో ఒక పురుగుమందుల కొట్టు ఉంది. ఆ కొట్టు పైన గోపాలకృష్ణయ్య గారి ఆఫీసు. చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీల్లో మిర్చి టిక్కీలు, అంటే బస్తాలు, చల్లగా ఉన్నాయో లేదో కనిపెట్టి చెప్పడం ఆ ఆఫీసు పని. స్టోరేజీల గోడలకు బిగించిన పరికరాలు ఏ గదిలో ఎంత చల్లదనం ఉందో పంపుతుంటాయి. ఇక్కడి సర్వర్లు వాటిని అందుకుని యజమానుల ఫోన్లలో చూపిస్తాయి. ఆ సర్వర్లకు ఒక గది, గదికి ఒక ఏసీ, గుమ్మానికి మామిడాకులు, సర్వరు సర్వరుకూ పసుపు కుంకుమ. ఇంత చేసినా అవి అప్పుడప్పుడు మొరాయించేవి. అలాంటప్పుడు గోపాలకృష్ణయ్య గారు కొబ్బరికాయ కొట్టించేవారు, ఆఫీసు కుర్రాడు వాజిద్ వైరు మార్చేవాడు, కాసేపటికి సర్వరు లేచేది. దేనివల్ల లేచిందో ఎవరూ తేల్చలేదు. తేల్చితే ఎవరో ఒకరు నొచ్చుకుంటారు.

గోపాలకృష్ణయ్య గారిని ఊళ్ళో అందరూ ఛైర్మన్ గారంటారు. ఆయన దేనికీ ఛైర్మన్ కాలేదు. ఒకప్పుడు మార్కెట్ యార్డుకు ఆయనే అవుతారని మాట పుట్టింది, ఫ్లెక్సీలు కట్టారు, పదవి ఇంకొకరికి పోయింది. ఫ్లెక్సీలైతే దించారు గాని పిలుపును దించడం ఎవరి వల్లా కాలేదు.

ఆ ఆఫీసులో సర్వర్ల మీద కన్నేసి ఉంచే మనిషి శిరీష. గురజాలలో డిగ్రీ చదివి, మాచర్లకు కోడలిగా వచ్చి, పిల్లలు బడికి పోయే వయసొచ్చాక ఈ పనిలో చేరింది. పొద్దున్నే చెన్నకేశవ స్వామి గుడికి వెళ్ళి, తీర్థం పుచ్చుకుని, అటునుంచి అటే ఆఫీసుకు వచ్చేది. నువ్వు కూచుని చూడకపోతే మిరపకాయలు కుళ్ళిపోతాయా అని అత్త కొండమ్మ రోజూ అడిగేది. ఇంట్లో చేసిన పని ఎవరికీ కనపడదు, చెయ్యనిదే కనపడుతుంది. ఇక్కడ తెర మీద ఆకుపచ్చ చుక్కలు వరసగా వెలుగుతుంటే అది తన పనేనని ఆమెకు తెలుసు. ఆ కుర్చీ అంటే ఆమెకు ప్రాణం.

ఈ వేసవిలో ఆ కుర్చీకే ఎసరు వచ్చింది. సాఫ్ట్‌వేర్ ఇచ్చే హైదరాబాదు కంపెనీ వాళ్ళు చిన్న ఊళ్ళలో సర్వర్ల గదులు ఎందుకు, అన్నీ ఇక్కడికే తెచ్చేసుకుంటాం అన్నారు. ఛైర్మన్ గారు బతిమాలితే ఒక ఒప్పందానికి వచ్చారు. ఒక ఏఐ ఏజెంటును పంపుతారు. శిరీష దానికి పని నేర్పాలి. ఆ తర్వాత వాళ్ళ మనిషి వచ్చి చూసిన రోజున అది తనంతట తాను గదిని కాపాడుకుంటే గది మాచర్లలోనే ఉంటుంది, దానిమీద అజమాయిషీ శిరీషది. కాపాడలేకపోతే గది హైదరాబాదుకు, శిరీష వంటింటికి.

ఏజెంటు అంటే మనిషి కాదు, కంప్యూటర్లో ఉండే బుద్ధి. శిరీష వాడే పనిముట్లే దానికీ ఇస్తారు. గది వేడి చూసేది ఒకటి, సర్వరును ఆపి మళ్ళీ మొదలుపెట్టేది ఒకటి, కబురు పంపేది ఒకటి, ఇలాంటివి ఇంకొన్ని. ఏ పనిముట్టు ఏం చెబుతుందో, ఎప్పుడు వాడాలో, ఎప్పుడు వాడకూడదో శిరీష రాసిపెట్టాలి. అది రాసింది చదివే పని చేస్తుంది, రాయనిది లోకంలో లేనట్టే లెక్క అని కంపెనీ అమ్మాయి దేవిక ఫోన్లో చెప్పింది. తెలుగులో రాసినా చదువుకుంటుందని కూడా చెప్పేసరికి శిరీషకు సగం బరువు దిగింది.

ఆఫీసులో దానికి కొత్తాయన అని పేరు పెట్టారు. వచ్చిన రోజున ఛైర్మన్ గారు తెరకు కుంకుమబొట్టు పెట్టి హారతిచ్చారు. బొట్టు సరిగ్గా గది వేడి చూపించే అంకె మీద పడింది. వాజిద్ తుడవబోతే ఆయన ఒప్పుకోలేదు, అంకెనే పక్కకు జరపమన్నారు.

శిరీష మొదట మనిషికి రాసినట్టే రాసింది. గది వేడి అప్పుడప్పుడు చూస్తుండాలి, తేడాగా ఉంటే వాజిద్‌కు చెప్పాలి అని. కొత్తాయన అది చదివి కొన్ని సందేహాలు అడిగాడు. అప్పుడప్పుడు అంటే ఎంతసేపటికి? తేడా అంటే ఎంత? వాజిద్ అనేది సర్వరా, మనిషా?

చివరి ప్రశ్నకు వాజిద్ బాగా నొచ్చుకున్నాడు. "మడిసినేనని రాయక్కా," అన్నాడు. "అన్నం కూడా తింటానని రాయి. మళ్ళీ నన్ను ఆపి మొదలుపెడతాడేమో."

ఆ ప్రశ్నలు చూసి శిరీషకు తాను కాపురానికొచ్చిన కొత్తలో రోజులు గుర్తొచ్చాయి. అత్త ఉప్పు ఎక్కడుందో, పప్పు ఎక్కడుందో అన్నీ చూపించింది. మామగారు తినేటప్పుడు ఎదురుగా ఎవరైనా నిలబడితే కంచం వదిలేసి లేస్తారని మాత్రం చెప్పలేదు. పాపం ఆయన మొదటి వారమంతా అర్ధాకలితోనే లేచారు. ముందే ఎందుకు చెప్పలేదత్తా అంటే, అందరికీ తెలిసిందే గదా అంది. ఇంట్లో అందరికీ తెలిసింది కొత్తగా వచ్చినవాళ్ళకే తెలియదు. కొత్తాయన కూడా ఈ ఇంటికి కోడలే అనుకుని శిరీష మొదటినుంచీ తిరగరాసింది. ఎంతకు మించితే తేడా, ఎవరికి చెప్పాలి, వాళ్ళు పలక్కపోతే ఎవరికి, ఏది తొందరపడి చెయ్యకూడదు, అన్నీ విడమరిచి రాసింది. రాసుకుంటూ పోయి గది వేడి దగ్గర ఆగింది.

ఎందుకంటే ఆ గదిలో అందరికీ తెలిసిన సంగతి ఒకటి ఉంది.

ఛైర్మన్ గారి తండ్రి నరసయ్య గారు. మేడ ఆయనదే. మధ్యాహ్నం భోంచేసి, మెట్లెక్కి వచ్చి, సర్వర్ల వెనక మడతమంచం వాల్చుకుని పడుకుంటారు. వేసవిలో ఆ మేడ మొత్తానికీ చల్లటి చోటు అదొక్కటే. ఒళ్ళు చల్లబడగానే ఏసీ ఆపేసి, రిమోట్ తలగడ కింద పెట్టుకుని గురక మొదలుపెడతారు. నిద్రపోయే తండ్రిని లేపడం ఛైర్మన్ గారి వంశంలో లేదు. ఇక మిగతావాళ్ళ సంగతి చెప్పాలా? అందుకని తెర మీద అంకె ఎక్కుతుండగానే శిరీష వాజిద్ వంక చూసేది. వాజిద్ చెప్పులు విడిచి, పిల్లిలా లోపలికి పోయి, తలగడ కింద చెయ్యి దూర్చి, రిమోట్ తీసి ఏసీ వేసి, మళ్ళీ యథాస్థానంలో పెట్టి వచ్చేవాడు. పెద్దాయన లేచి వచ్చి, ఏసీ ఆపినా గది ఎంత చల్లగా ఉందో చూడండి, మీరు ఉత్త పుణ్యానికి కరెంటు తగలేస్తున్నారు అని కోప్పడేవారు. అందరూ అవునండీ అనేవారు. ఏళ్ళ తరబడి ఇదే వరస.

శిరీష కాసేపు ఆలోచించి, ఉన్నదున్నట్టు రాసేసింది. ఈ పనిముట్టు సర్వర్ల గదిలో వేడి ఎంతో చెబుతుంది. ఇరవై అయిదు దాటకూడదు. మధ్యాహ్నం భోజనాల తర్వాత దాటితే సర్వరు చెడిపోయిందనీ, థర్మామీటరు చెడిపోయిందనీ అనుకోవద్దు. నరసయ్య గారు లోపల పడుకుని ఏసీ ఆపేశారని అర్థం. సర్వర్లను ఆపి మొదలుపెట్టవద్దు, దానివల్ల ఏసీ రాదు. వాజిద్‌కు కబురు పంపాలి. అతను పలక్కపోతే శిరీషకు. ఇద్దరూ పలక్కపోతే నరసయ్య గారికే ఫోన్ చెయ్యాలి, ఆయన ఎత్తేదాకా చెయ్యాలి.

ఆఫీసులోంచి బయటికి పోయే కాగితమేదైనా ఛైర్మన్ గారి కళ్ళజోడు కిందనుంచి పోవాల్సిందే. ఆయన చదివారు. చదివి కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివారు.

"మా నాయన్ని మిషన్లోకి ఎక్కించావేందమ్మాయ్?"

"ఏసీ ఆపేది ఆయనే గదా బాబాయిగారూ."

"ఆపితే ఆపుతాడు. ఆపాడని రాస్తారా ఎవరన్నా? రేపు హైదరాబాదోళ్ళు చదవరా? ఛైర్మన్ నాయన సర్వర్ల గదిలో గురక పెడతాడని చెప్పుకోరా?"

"గురక సంగతి రాయలేదండీ," అన్నాడు వాజిద్, వాదన తేలికవుతుందేమోనని.

తేలిక కాలేదు. ఛైర్మన్ గారు శిరీషను పక్కన కూర్చోబెట్టుకుని, ఆ భాగమంతా కొట్టేయించి, తానే చెప్పి రాయించారు. శ్రీ లక్ష్మీ చెన్నకేశవ స్వామి వారి దివ్య కృపాకటాక్షములచే మా గది సర్వకాల సర్వావస్థలయందు చల్లగా ఉండును. అంతే. తర్వాత కబురు పంపే పనిముట్టు దగ్గరకు వచ్చారు. అక్కడ వాజిద్ పేరూ శిరీష పేరూ ఉన్నాయి. ఇదేం మర్యాద అని స్టోరేజీల యజమానులందరి పేర్లూ, వాళ్ళ బావమరుదుల పేర్లతో సహా చేర్పించారు. ఒకరికి పంపి ఒకరికి పంపకపోతే రేపు వాళ్ళింట్లో పెళ్ళికి మనకు కార్డు రాదన్నారు. రాయడం పూర్తయ్యాక చూస్తే అది పనిముట్ల వివరంలా లేదు, గృహప్రవేశం ఆహ్వానంలా ఉంది.

శిరీష ఎదురు చెప్పలేకపోయింది. యజమాని మాట అన్నది ఒకటి, స్వామి పేరున్న వాక్యాన్ని కొట్టేయడానికి చెయ్యి రాకపోవడం ఇంకొకటి. మర్నాడు గుళ్ళో నిలబడి మనసులోనే అడిగింది. నీ పేరు చెప్పి లేనిది రాశాం, తప్పెవరిది స్వామీ, రాయించినవాళ్ళదా, రాసినదానిదా? పూజారి శఠగోపం పెట్టి, ముందుకు జరగమ్మా అన్నాడు.

అనుకున్న రోజున దేవిక సాగర్ మీదుగా బస్సులో వచ్చింది. ఆ రోజు గదిలోకి ఎవరూ పోకూడదు, కంప్యూటర్ని ఎవరూ తాకకూడదు, కొత్తాయన ఏం చేస్తే అదే అని నియమం పెట్టింది. ఛైర్మన్ గారు తండ్రితో ఇవ్వాళ్టికి కింద పడుకో నాయనా అని చెప్పే వచ్చారు. ఆయన తలూపారు. ఛైర్మన్ గారు దాన్ని ఒప్పుకోలు అనుకున్నారు. ఆ తర్వాత దేవికనూ శిరీషనూ వాజిద్‌నూ వెంటబెట్టుకుని ఇంటికి భోజనానికి తీసుకుపోయారు. వాళ్ళు తిరిగి వచ్చేసరికి సర్వర్ల గది గుమ్మం ముందు ఒక చెప్పుల జత ఉంది. అది ఎవరిదో దేవికకు తప్ప అందరికీ తెలుసు.

తెర మీద అంకె ఎక్కడం మొదలైంది. శిరీష అలవాటుగా వాజిద్ వంక చూసింది. వాజిద్ అలవాటుగా చెప్పులు విడిచాడు. దేవిక వద్దన్నట్టు చెయ్యి అడ్డం పెట్టింది.

కొత్తాయన తన ఆలోచనలన్నీ తెర మీద రాసుకుంటూ పోతాడు. గది వేడి ముప్పై ఒకటి అని రాశాడు. గది సర్వకాల సర్వావస్థలయందు చల్లగా ఉండునని వివరంలో ఉంది అని రాశాడు. కాబట్టి థర్మామీటరు చెడిపోయి ఉంటుంది, ఈ అంకెను ఇక లెక్కలోకి తీసుకోను అని రాశాడు. తర్వాత నిశ్చింతగా వేరే పనులు చూసుకున్నాడు.

ఆకుపచ్చ చుక్కలు ఒకదాని తర్వాత ఒకటి ఎర్రబడ్డాయి. వేడికి తట్టుకోలేక సర్వర్లు తమంతట తామే ఆగిపోయాయి. కొత్తాయన వెంటనే కబురు పంపే పనిముట్టు అందుకుని, రాసిన మర్యాద ప్రకారం, యజమానులందరికీ బావమరుదులతో సహా ఒకే మాట పంపాడు. సర్వర్లు అన్నీ ఆగిపోయినవి, గది చల్లగా ఉన్నది.

ఇక ఛైర్మన్ గారి ఫోన్ మోగడం మొదలుపెట్టింది. కారంపూడి నుంచి ఒకరు, నడికుడి నుంచి ఒకరు, మాచర్లలోనే పక్క వీధి నుంచి ఇంకొకరు. అందరిదీ ఒకటే ప్రశ్న. ఆగిపోతే చల్లగుంటమేంది ఛైర్మనూ? ఆయన స్వామి దయవల్ల ఇప్పుడే లేస్తాయి అంటూ గోడవైపు తిరిగి మాట్లాడుతున్నారు.

దేవిక లోపల ఎందుకు అంత వేడిగా ఉందని అడిగింది. ఛైర్మన్ గారు కరెంటు తేడా అన్నారు. సరిగ్గా అప్పుడే గదిలోంచి ఒక గురక, తలుపు సందులోంచి వచ్చి నలుగురి మధ్యా నిలబడింది.

దేవిక బ్యాగులోంచి ల్యాప్‌టాప్ తీసింది. ఏజెంటు విఫలమైందని రాయక తప్పదనీ, తనకూ బాధగానే ఉందనీ చెప్పింది. శిరీష తన కుర్చీ వైపు చూసుకుంది. ఇంట్లో అత్త అడగబోయే ప్రశ్న కూడా ఆమెకు వినపడింది.

"దాని తప్పు కాదు మేడమ్," అంది. "అది మేం రాసిందే నమ్మింది. మేమే అబద్ధం రాశాం."

ఛైర్మన్ గారు ఫోన్ మీద చెయ్యి మూసి వెనక్కి తిరిగారు. "అబద్ధమా? అందులో ఉంది స్వామి పేరమ్మాయ్."

"స్వామి దయ లేదని నేననటంలా బాబాయిగారూ. పొద్దున్నే ఆయన్ని చూడందే నేను ఈ మెట్లెక్కను. పెద్దాయన్ని నిద్రలేపే పని మాత్రం ఆయన మీద పెట్టబాకండి. మధ్యాహ్నం పూట ఆయనకీ తలుపులేస్తారు."

వాజిద్ మొహం పక్కకు తిప్పుకున్నాడు. దేవిక నవ్వు ఆపుకుంటూ ల్యాప్‌టాప్ మీదికి వంగింది. ఛైర్మన్ గారు ఏదో అనబోయారు గాని, ఇంతలో గది తలుపు తెరుచుకుంది. నరసయ్య గారు చొక్కా లేకుండా, చెమటతో తడిసి, తువ్వాలుతో విసురుకుంటూ బయటికి వచ్చారు.

"ఏందిరా గోపాలం ఈ ఉడుకు? రోజూ ఆపినా చల్లగనే ఉండేది గదా. ఇయ్యాల ఏమొచ్చింది?"

ఛైర్మన్ గారూ శిరీషా వాజిద్ వైపు చూశారు. వాజిద్ నేల చూపులు చూస్తూ, రోజూ మీరు పడుకున్నాక నేనే వచ్చి వేస్తున్నా తాతా, తలగడ కింద రిమోట్ తీసి, అని చెప్పాడు.

పెద్దాయన విసురుకోవడం ఆపారు.

"నా తలగడ కింద చెయ్యి పెట్టేది నువ్వంట్రా? పాపమ్మొచ్చి పోతందనుకుంటన్నానే ఇన్నాళ్ళూ."

పాపమ్మ ఆయన భార్య, పోయి చాలా ఏళ్ళయింది. వాజిద్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పెద్దాయనే మళ్ళీ అన్నారు. "చేతికి గాజులు లేవేందా అని మాత్రం అనుకునేవాణ్ణి."

ఆ మాటతో అందరూ ఊపిరి తీసుకున్నారు. గొడవ దేని గురించో దేవిక ఆయనకు వివరంగా చెప్పింది. ఆయన పేరు రాయడం ఛైర్మన్ గారికి ఇష్టం లేదని కూడా చెప్పింది. పెద్దాయన కొడుకు వైపు తిరిగి, మడిసన్నాక నిద్రపోడా, నిద్రపోతాడని రాస్తే పరువేం పోయింది, రాని పదవికి ఫ్లెక్సీ కట్టించుకున్నప్పుడు పోని పరువు అన్నారు. శిరీషతో మాత్రం ఇంటిపేరుతో సహా రాయమన్నారు. ఛైర్మన్ గారు మోగుతున్న ఫోన్ని మళ్ళీ చెవికి పెట్టుకుని వరండాలోకి పోయారు. దేవిక మర్నాడు ఇంకొక్క మధ్యాహ్నం చూస్తానంది. వాజిద్ ఏసీ వేసి సర్వర్లను లేపాడు.

శిరీష సాయంత్రం కూర్చుని తాను మొదట రాసిందే మళ్ళీ రాసింది. కబురు ఎవరి స్టోరేజీ సంగతైతే వాళ్ళకే పోవాలని రాసి, బావమరుదుల పేర్లను దసరా శుభాకాంక్షలు పంపే జాబితాలోకి మార్చింది. గది వేడి దగ్గరకు వచ్చి, నరసయ్య గారు ఏసీ ఆపేస్తారు అని రాస్తుంటే, ఎందుకు ఆపుతారు అన్న ప్రశ్న వచ్చింది. ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదు. రిమోట్ తీయడమే గాని కారణం తీయలేదు. వెళ్ళి అడిగింది. చల్లగాలికి మోకాళ్ళు లాగుతాయమ్మా అన్నారాయన. శిరీష ఇంటినుంచి ఒక దుప్పటి తెచ్చి మడతమంచం కింద పెట్టి, వివరంలో ఇంకొక వాక్యం చేర్చింది. నరసయ్య గారు మోకాళ్ళు లాగుతున్నాయంటే, మంచం కింద దుప్పటి ఉందని చెప్పాలి.

మర్నాడు మధ్యాహ్నం నరసయ్య గారు ఉతికిన పంచె కట్టుకుని, విభూతి పెట్టుకుని, పరీక్షకు వచ్చినట్టు వచ్చారు. నిద్రపొమ్మని ఆయనకు ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు. చెప్పేసరికి నిద్ర రాలేదు. గది బయట అందరూ గురక కోసం చెవులు రిక్కించి కూర్చున్నారు. లోపలినుంచి ఆయన, ఇంకా రాలేదురా, తొందరపెట్టబాకండి అని రెండుమూడుసార్లు కేకేశారు. చివరికి వచ్చింది. అంతకుముందే ఏసీ ఆగింది. అంకె ఎక్కడం మొదలైంది.

కొత్తాయన రాసుకున్నాడు. ఇరవై అయిదు దాటింది, భోజనాల తర్వాత. సర్వర్లు బాగానే ఉన్నాయి, నరసయ్య గారు పడుకుని ఉంటారు. వాజిద్‌కు కబురు పంపాడు. దేవిక చెప్పినట్టు వాజిద్ ఫోన్ తీయలేదు. శిరీషకు పంపాడు. ఆమె చేతులు కట్టుకుని కూర్చుంది. అప్పుడు లోపల పెద్దాయన ఫోన్ మోగింది. ఆగింది. మళ్ళీ మోగింది. ఆయన ఎత్తేదాకా మోగుతూనే ఉంది.

కొత్తాయన గొంతు తలుపు సందులోంచి మెత్తగా వినిపించింది. గది వేడెక్కిందనీ, ఏసీ వేయమనీ అడుగుతున్నాడు.

"మోకాళ్ళు లాగుతయ్యయ్యా," అన్నారు పెద్దాయన.

మంచం కింద దుప్పటి ఉందండీ అన్నాడు కొత్తాయన.

తర్వాత మంచం కిర్రుమంది. ఆపైన ఏసీ హోరు. తెర మీద అంకె ఒక్కొక్క మెట్టూ దిగడం మొదలుపెట్టింది, చుక్కలు ఆకుపచ్చగానే ఉన్నాయి. శిరీష వెళ్ళి తన కుర్చీలో కూర్చుంది. గది ఇక్కడే ఉంటుందని దేవిక సాయంత్రం బస్సెక్కేముందు ఛైర్మన్ గారికి చెప్పి వెళ్ళింది. ఆ మాట విని కొండమ్మ మాత్రం, అయితే మా ఇంటి దుప్పటి ఇక రాదా అని అడిగింది.

అంతా అయ్యాక ఛైర్మన్ గారు శిరీష దగ్గరకు వచ్చి నిలబడ్డారు. నాయన సంగతి ఉంటే ఉండనీ గాని, స్వామివారి వాక్యం బొత్తిగా తీసేస్తే మనసొప్పటం లేదన్నారు. నిజానికి శిరీషకూ ఒప్పలేదు. ఆ వాక్యాన్ని అన్నిటికంటే పైన, మొదటి వరసలో పెట్టింది. దాని కింద ఇంకో వాక్యం రాసింది: పై మాట నమస్కారం కోసం. గది వేడి కోసం కింద చదవాలి.

కొత్తాయన ఇప్పుడు రోజూ ముందు పై మాట చదువుతాడు, ఆ తర్వాత కింద రాసిన ప్రకారం పని చూసుకుంటాడు. శిరీష చేసేదీ అదే.